ఆపడం వచ్చాకే రోడ్డెక్కాలి

కారు నేర్చుకోవాలంటే డ్రైవింగ్ స్కూల్‌కు పోయి ఫీజు కడతాం. మోటార్‌సైకిల్ దగ్గరికి వచ్చేసరికి బావమరిది ఉంటే చాలనుకుంటాం. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్‌లోనో పొద్దున్నే వాకింగ్‌కు పోయేవాళ్లు చూసే తంతే ఇది. నేర్చుకునే మనిషి ముందు కూర్చుంటాడు. నేర్పే మనిషి వెనక కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి తానే హ్యాండిల్ పట్టుకుంటాడు. ‘‘క్లచ్ మెల్లగ ఇడువు, రేజ్ ఇయ్యి, భయపడకు’’ అంటుంటాడు. బండి రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోతుంది, ఆ తర్వాత కదులుతుంది. కదిలిందంటే వచ్చేసినట్టే లెక్క. వారం తిరక్కుండా ఆ మనిషి కూరగాయల మార్కెట్లో కనిపిస్తాడు, ఇంకో వారానికి హైవే మీద.

ఈ చదువులో అసలు పాఠం మిగిలిపోతోంది. బండిని కదిలించడం నేర్పుతున్నాం, ఆపడం నేర్పడం లేదు. ఆపడమంటే స్టాండు దగ్గర మెల్లగా ఆపడం కాదు. నలభైలో పోతుంటే తుమ్మచెట్టు చాటు నుంచి బర్రె రోడ్డు మీదికి వస్తుంది చూడండి, అప్పుడు ఆపడం. అది రానివాళ్లకు బండి వచ్చినట్టు కాదని నా గట్టి నమ్మకం. ఈ అధ్యాయమంతా ఆ నమ్మకం మీదే రాస్తున్నాను. రక్షణ దుస్తుల మాట కూడా దాని వెంటే వస్తుంది, ఎందుకంటే ఎంత బాగా ఆపడం వచ్చినా ఒకరోజు ఆగకపోవచ్చు.

దీనికి పాత ఆధారం ఒకటుంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు, ఆయన బృందం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల దగ్గరికి స్వయంగా వెళ్లి, టైరు గీతలు కొలిచి, విరిగిన హెల్మెట్లు సేకరించి 1981లో నివేదిక ఇచ్చారు. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో బండి నేర్చుకున్నవాళ్లేనట. చివరి రెండు సెకన్లలో వాళ్లు ఏం చేశారో కూడా అందులో ఉంది. చాలామంది వెనక బ్రేకును బలంగా తొక్కేసి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేకును సరిగా వాడనేలేదు. దేశం వేరు, బండ్లు వేరు. కానీ మన గ్రౌండ్లలో వినిపించే ‘‘అక్కా, ముందు బ్రేకు వట్టకు, పల్టీ గొడ్తవ్’’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ నివేదికే గుర్తొస్తుంది. మంచి మనసుతో చెప్పే తప్పుడు సలహా అది.

నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదని ముందే చెప్పాలి. ఊరికి బస్సు రాని అంగన్‌వాడీ టీచరు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, భర్త దుబాయ్‌లో ఉండగా పిల్లలను బడికి దింపాల్సిన తల్లి, యాభై దాటాక మొదటిసారి హ్యాండిల్ పట్టుకునే రైతు, వీళ్లందరికీ బండి అంటే ఎవరినీ బతిమాలకుండా బతకడం. నలుగురూ చూస్తారేమో అన్న సిగ్గు వల్ల వీళ్లు నేర్చుకోవడం మానుకోరు గానీ, తొందరగా ముగించేస్తారు. ప్రమాదం ఆ తొందరలో ఉంది. 2018లో హైదరాబాద్ నుంచి జై భారతి, మరో ముగ్గురు మహిళలు బజాజ్ డామినార్ బండ్ల మీద మెకాంగ్ నది దేశాల దాకా దాదాపు 17 వేల కిలోమీటర్ల యాత్ర చేశారు. ఆ తర్వాత జై భారతి ‘మోవో’ సంస్థ పెట్టి ఆడవాళ్లకు బండ్లు నడపడం నేర్పిస్తున్నారు. అంత దూరం పోవాలని ఎవరూ అనడం లేదు. నేర్చుకోవడాన్ని ఒక పనిగా, పద్ధతిగా చేయడం మాత్రం వాళ్లను చూసి నేర్చుకోవాలి.

మొదటి రోజు ఇంజిన్ స్టార్ట్ చేయకండి. తాళంచెవి జేబులోనే ఉండనివ్వండి. స్ప్లెండర్ లాంటి బండి 112 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు ఎటు ఒరుగుతుందో, ఎక్కడిదాకా మన కాలు ఆపగలదో ఒళ్లుకు తెలియాలి. ఎడమ పక్కన నిలబడి బండిని నెట్టుకుంటూ గ్రౌండ్ చుట్టూ తిప్పండి. మలుపులో నెట్టండి, వెనక్కి లాగండి, సెంటర్ స్టాండ్ వేసి తీయండి. తర్వాత కొద్దిగా వాలు ఉన్న చోటికి తీసుకుపోండి. బండి మీద కూర్చుని, న్యూట్రల్‌లో, రెండు కాళ్లూ నేలకు ఆనీ ఆనకుండా కిందికి జారనివ్వండి. ముందు బ్రేకు మెల్లగా పట్టి ఆపండి. మళ్లీ పైకి నెట్టుకుపోయి ఈసారి వెనక బ్రేకుతో ఆపండి. మూడోసారి రెండూ కలిపి. ఇంజిన్ చప్పుడు లేదు, గేర్ల గొడవ లేదు, పక్కన అరిచేవాళ్లు లేరు. అప్పుడు కుడి చేతి వేళ్లకూ ముందు చక్రానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. ఒక సాయంత్రం దీనికే ఇస్తే, ఆ తర్వాత నేర్చుకునేదంతా ధైర్యంగా సాగుతుంది. ఆపగలనన్న నమ్మకం ఉన్నవాళ్లకే కదిలించే ధైర్యం వస్తుంది.

రెండో రోజు క్లచ్. బండి ఎగిరి ఆగిపోవడానికి కారణం ఒకటే, ఎడమ చేతిని ఒక్కసారిగా వదిలేయడం. ఫస్ట్ గేర్ వేసి, రేజ్ అసలు ఇవ్వకుండా, క్లచ్ లివర్‌ను వేళ్ల కొసలతో మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, బండి ముక్కు కొద్దిగా లేచినట్టవుతుంది. కాడి కట్టిన ఎద్దు బండిని లాగే ముందు మెడ వంచి ఒరుగుతుందే, సరిగ్గా అలాంటి క్షణం అది. చేతిని అక్కడే ఆపండి. బండి తనంతట తానే నడక వేగంతో కదులుతుంది. మళ్లీ క్లచ్ పట్టి ఆపండి. కదిలించడం, రెండడుగులు పోవడం, ఆపడం. మనం ‘హాఫ్ క్లచ్’ అనేది ఈ చోటునే. ఇది చేతికి దొరికాక రేజ్ కలపడం పెద్ద పని కాదు. గ్రౌండ్‌లో ఒకామెను చూశాను. మిగతావాళ్లు రౌండ్లు కొడుతుంటే ఆమె అరగంట సేపు అదే చోట ముందుకు రెండు గజాలు, ఆపడం, మళ్లీ రెండు గజాలు. తర్వాత ఆమె బండి ఒక్కసారి కూడా ఎగరలేదు. మిగతావాళ్ల బండ్లు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

గేర్ల విషయంలో చిన్న హెచ్చరిక. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు తొక్కడమే. పల్సర్ లాంటి వాటిలో ఒకటి కిందికి, మిగతావి పైకి. ఒకరి బండి మీద నేర్చుకుని ఇంకొకరి బండి ఎక్కినవాళ్లు వేగం పెంచబోయి తగ్గిస్తారు, వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి బండి ఊగుతుంది. ఏ బండి నడపబోతున్నారో ఆ బండి మీదే నేర్చుకోండి.

ఇప్పుడు అసలు సాధన. గ్రౌండ్‌లో రెండు రాళ్లు పెట్టి గీత అనుకోండి. ఇరవై వేగంతో వచ్చి, రాళ్ల దగ్గరికి చేరగానే రెండు బ్రేకులూ వేసి ఆపండి. కాళ్లతో నేలను గీకకూడదు. ముందు బ్రేకును గుంజకూడదు, పిండాలి. మొదట కొద్దిగా పట్టగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అలా బరువు పడ్డాక ఇంకా గట్టిగా పట్టినా చక్రం జారదు. పొడి తారు రోడ్డు మీద బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. బరువు పడకముందే ఒక్కసారిగా గుంజితే జారుతుంది. పల్టీ కొడతామన్న భయం పుట్టింది ఆ గుంజుడు వల్లే. ఇసుకలో, కంకర మీద, తడి మట్టిలో మాత్రం ముందు బ్రేకును చాలా తేలిగ్గా పట్టి, వెనక బ్రేకు సాయం ఎక్కువ తీసుకోవాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోకూడదు. 2019 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న 125 సీసీ లోపు బండ్లలో ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ కొంత పట్టే ఏర్పాటు, అంతకు మించినవాటిలో చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. మంచిదే. కానీ మన ఊళ్లలో ఏపీ 24, ఏపీ 22 నంబర్ల పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చాలామంది నేర్చుకునేది వాటి మీదే. వాటిలో ఈ సాయాలేవీ ఉండవు.

ఇరవైలో ఆపడం కుదిరాక ముప్పై, తర్వాత నలభై. ఎందుకింత సాధన అంటే లెక్క చూడండి. నలభై వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. బర్రెను చూసి చేయి బ్రేకు మీదికి పోయేసరికే ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత ఒక మాదిరిగా బ్రేకు వేస్తే ఇంకో 12 మీటర్లు. మొత్తం 23. అదే అరవైలో అయితే ఆ ఒక్క సెకనులోనే 17 మీటర్లు, బ్రేకు మీద 28. మొత్తం 45. వేగం ఒకటిన్నర రెట్లు అయితే దూరం దాదాపు రెండు రెట్లు. రాళ్ల దగ్గర్నుంచి బండి ఆగిన చోటిదాకా అడుగులు వేసి కొలవండి. కళ్లతో చూసిన దూరం మీటరు ముల్లు కంటే బాగా గుర్తుంటుంది.

లైసెన్సు సంగతి తొందరగా చెప్పేస్తాను. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పర్మనెంట్‌కు టెస్ట్ ఇవ్వవచ్చు. ఎనిమిది అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిప్పాలి. దానికి చూపు ముఖ్యం. ముందు చక్రాన్ని కాదు, పోవలసిన వైపును చూడాలి. హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద తేలిగ్గా కాలు ఉంటే బండి నిలకడగా తిరుగుతుంది. ఎల్ బోర్డుతో నడిపేటప్పుడు వెనక నేర్పే మనిషి తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. టీవీఎస్ ఎక్సెల్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట పల్లెల్లో గట్టిగా ఉంది, అది తప్పు. పదహారేళ్లకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ దాటని గేర్లు లేని బండ్లకు, ఇప్పటి ఎక్సెల్ 100 దాదాపు వంద సీసీ. దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. పదో తరగతి పిల్లవాడికి తాళం చేతికిచ్చే తండ్రి 2019 సవరణ చట్టం ఒకసారి చదవాలి. పిల్లవాడు బండి నడిపి చట్టం మీరితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి అలా ఉంచినా, కాళ్లు నేలకు అందని పిల్లవాడు ఆ 23 మీటర్లలో ఏం చేస్తాడో ఆలోచించాలి.

గ్రౌండ్ దాటాక మొదటి దారులు చిన్నవే ఎంచుకోండి. నల్లగొండలో ఉంటే పొద్దున్నే పానగల్లు గుడిదాకా, మహబూబ్‌నగర్‌లో ఉంటే పిల్లలమర్రిదాకా. వెళ్లే దారిలో నాలుగైదు కిలోమీటర్లలోనే స్పీడ్ బ్రేకర్, మలుపు, ఆటోలు, కుక్కలు అన్నీ వస్తాయి. విజయవాడ హైవే, కర్నూలు హైవే నెల రోజులు ఆగుతాయి. చిట్యాల దగ్గరో, జడ్చర్ల దగ్గరో యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండి కనిపిస్తే, అది తప్పు చేస్తున్నదని తెలిసినా పక్కకు జరగాల్సింది మీరే. మీరు మాత్రం ఎప్పుడూ ఆ పని చేయకండి, కిలోమీటరు ఆదా అయినా సరే. శ్రీశైలం రోడ్డు అందంగా ఉంటుందని కొత్తలోనే పోకండి. మన్ననూరు దాటాక అడవిలో మలుపులు, కోతులు, ఎదురొచ్చే బస్సులు ఉంటాయి.

మన జిల్లాల రోడ్ల గురించి ఇంకా నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రమాదాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. వానాకాలం పంట కోసినప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు వైపు పోండి. తారు రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రైతును అనలేం. ఆరబెట్టుకోవడానికి సరిపడా కల్లాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయి? కానీ చీకటి పడగానే ఆ వడ్లను కుప్ప చేసి, మంచు పడకుండా నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడితే కుప్ప అసలే కనిపించదు. అరవై వేగంలో ఆగడానికి 45 మీటర్లు కావాలన్నాం. మామూలు బండి డిమ్ లైటు వెలుగు పడే దూరం చాలాసార్లు అంతకంటే తక్కువే. కాబట్టి కోతల రోజుల్లో రాత్రిపూట ఊరి రోడ్డు మీద నలభై దాటకపోవడమే దారి. ఎదుటి లైటు కళ్లలో పడితే రేజ్ వదిలేసి, కనిపించేదాకా నెమ్మదించండి. రోడ్డు మీద వడ్లు పోసే రైతు సోదరులకు కూడా ఒక విన్నపం. రాత్రికి కుప్పను మట్టి మీదికి జరపండి. కుదరకపోతే రాళ్ల బదులు ఖాళీ సంచులు పెట్టి, వాటి మీద వెలుగు పడితే మెరిసే స్టిక్కర్లు అంటించండి. ఆ దారిలో పోయేది మీ ఊరివాళ్లే.

నాట్లప్పుడు ఇంకో ప్రమాదం. కేజ్ వీల్స్‌తో పొలం నుంచి వచ్చిన ట్రాక్టర్ రోడ్డు మీద నల్లరేగడి ముద్దలు వదిలిపోతుంది. చిన్న జల్లు పడితే చాలు, బండి జారిపోతుంది. అక్కడ బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించి, రేజ్ నిలకడగా ఉంచి, నేరుగా దాటాలి. పత్తి కాలంలో వెనక లైట్లు లేని ట్రాలీలు, సాయంత్రాలు గొర్రెల మందలు, సున్నం గీతలు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్లు. ఇవన్నీ మనకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే. తెలిసినవి కాబట్టే లెక్క చేయం.

ఇసుక గురించి ఒక ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న ట్రయంఫ్ బండి రోడ్డు మీది ఇసుకలో జారింది. మంచి రోడ్డు, మంచి బండి. కాలర్ బోన్ విరిగింది, నెలకు పైగా ఆస్పత్రిలో ఉన్నారు. తలకు హెల్మెట్ ఉంది. కోలుకుని మళ్లీ సినిమాలు చేశారు. ఆ తర్వాత వేదికల మీద హెల్మెట్ పెట్టుకోమని అభిమానులను అడుగుతూ వచ్చారు.

హెల్మెట్ మాట ఇప్పుడు పుట్టింది కాదు. 1935లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరున్న టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయినప్పుడు, ఆయనను చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నారు. ఆయన ఆ చావును మరిచిపోలేక, సైనికుల తల గాయాలను పరిశీలించి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్ అవసరాన్ని రాశారు. తర్వాత వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి 2008లో చేసిన సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల చనిపోయే ప్రమాదం 42 శాతం, తల గాయాల ప్రమాదం 69 శాతం తగ్గుతాయి. మన దగ్గర అడ్డం వచ్చేది అంకెలు తెలియకపోవడం కాదు, ‘‘ఈడికే గదా’’ అన్న మాట. నాగార్జునసాగర్ పోయేటప్పుడు హెల్మెట్ పెట్టుకుంటారు, పక్కూరి కల్లుకాడికి, రేషన్ షాపుకు, పొలానికి పెట్టుకోరు. మనం రోజూ తిరిగేది ఆ పక్కూరికే. వడ్ల కుప్ప, రేగడి ముద్ద, బర్రె ఉండేది ఆ దారిలోనే. మనం పోయే దూరమెంతో తారు రోడ్డుకు తెలియదు.

కొనేటప్పుడు హైవే పక్కన గొడుగు కింద రెండు మూడు వందలకు అమ్మేవాటిని వదిలేయండి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. అందుకే స్టిక్కర్ మాత్రం అన్నిటి మీదా ఉంటుంది. అసలు గుర్తు మీద ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో వచ్చేస్తుంది. షాపులో నిలబడే చూడండి, మొహమాటపడకండి. స్టీల్‌బర్డ్, స్టడ్స్, వేగా లాంటి కంపెనీల ఫుల్‌ఫేస్ హెల్మెట్ వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. నెత్తి మీద టోపీలా ఉండే సగం హెల్మెట్ వద్దు. జర్మనీలో డీట్మార్ ఓట్టె అనే పరిశోధకుడు హెల్మెట్ల మీద దెబ్బలు ఎక్కడ పడ్డాయో పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు గడ్డం, దవడ భాగంలోనే ఉన్నాయి. సగం హెల్మెట్ ఆ భాగాన్ని గాలికి వదిలేస్తుంది.

సైజు దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. టైలర్ టేపు తీసుకుని కనుబొమ్మలకు ఒక అంగుళం పైన తల చుట్టూ కొలవండి. కొలత మిల్లీమీటర్లలో హెల్మెట్ లోపల రాసి ఉంటుంది. మీడియం, లార్జ్ అన్న అక్షరాలను నమ్మవద్దు, కంపెనీకో రకంగా ఉంటాయి. పెట్టుకున్నాక బుగ్గలు నొక్కుకుపోవాలి. హెల్మెట్ పట్టి అటూ ఇటూ తిప్పితే లోపల తల జారకూడదు, ముఖం చర్మం కూడా దాంతోపాటు కదలాలి. పట్టీ బిగించి, వెనక మెడ దగ్గర పట్టుకుని ముందుకు ఊడబెరకడానికి చూడండి. ఊడి వచ్చిందా, ఎంత నచ్చినా వదిలేయండి. షాపులో పది నిమిషాలు తీయకుండా ఉంచుకోండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ ఆకారం మీ తలది కాదు. మెత్త కొద్ది రోజుల్లో కుదురుతుంది కాబట్టి కొత్తలో కాస్త బిగుతుగా ఉండటం మంచిదే. తువ్వాల చుట్టుకుని దాని మీద హెల్మెట్ పెడితే ఈ కొలతలన్నీ వృథా. చెమటకు పలచటి నూలు దస్తీ చాలు. పట్టీ పెట్టుకోకుండా హెల్మెట్ పెట్టుకునేవాళ్లు పోలీసులకు చూపించడానికే పెట్టుకుంటున్నట్టు. బండి కంటే ముందు అదే ఎగిరిపోతుంది.

వైజర్ తెల్లదే తీసుకోండి. నల్లది పగలు బాగానే ఉంటుంది, సాయంత్రం ఆరున్నరకు పొలాల మధ్య నుంచి వస్తుంటే ఏమీ కనిపించదు. వానాకాలం రాత్రుళ్లు వరి మళ్ల దగ్గర పురుగులు కళ్లలో కొడతాయి, వైజర్ పైకెత్తి నడపలేరు. గీతలు పడితే మార్చండి, వంద రెండు వందల పని.

ఎండ నిజమైన ఇబ్బందే. నల్లగొండలో మే నెల 45 డిగ్రీలు అంటే హెల్మెట్ లోపల ఎలా ఉంటుందో పెట్టుకున్నవాళ్లకే తెలుసు. గాలి రంధ్రాలున్నది, తేలికైనది ఎంచుకోండి. పదకొండు నుంచి నాలుగు మధ్య ప్రయాణం తప్పించుకోండి. తప్పకపోతే దారిలో ఆగి నీళ్లు తాగండి, తడి బట్ట మెడకు చుట్టుకోండి. వేడికి కళ్లు తిరగడం కూడా ప్రమాదమే, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను.

తల తర్వాత చేతులు. పడేటప్పుడు మనిషి చేయని ఆలోచన చేతులు చేస్తాయి, నేలకు ముందు ఆనేది అరచేయే. మణికట్టు దగ్గర పట్టీ ఉండి, అరచేతి మీద తోలు అతికించిన గ్లౌజులు కొనండి. అరచేయి ఒలిచిపోతే నెల రోజులు అన్నం కలుపుకోలేం, నారు పట్టలేం, కూలి పోతుంది. తర్వాత పాదాలు. హవాయి చెప్పులతో గేరు వేస్తుంటే జారుతుంది, బండి పక్కకు పడితే చీలమండ బండి కిందే ఉంటుంది. చీలమండ కప్పే బూటు, లేసులు లోపలికి దోపుకోగలిగేది చాలు. జాకెట్‌కు డబ్బు మిగిలితే వేసవికి మెష్ జాకెట్ తీసుకోండి. అందులో భుజాలకు, మోచేతులకు పెట్టిన గట్టి దిండ్ల మీద ఈఎన్ 1621-1 అన్న అంకె ఉందా చూడండి. ఆ అంకె లేకపోతే అది స్పాంజి ముక్క. ముంబై కంపెనీ రైనాక్స్ లాంటివి మన దేశంలోనే తయారవుతున్నాయి, కానీ ఐదారు వేలు పైమాటే. అంత పెట్టలేనివాళ్లు మందపాటి జీన్స్, నిండు చేతుల చొక్కా, ప్యాంటు మీద కట్టుకునే మోకాలి గార్డులతో మొదలుపెట్టండి. ముందు హెల్మెట్, గ్లౌజులు, బూట్లు. జాకెట్ వచ్చే పంటకు కొనవచ్చు.

వెనక కూర్చునేవాళ్లది మన దగ్గర మరీ అన్యాయం. భర్తకు హెల్మెట్ ఉంటుంది, భార్యకు ఉండదు. చట్టం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ కావాలంటోంది, వెనక కూర్చున్నా సరే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవాళ్లకు కట్టే బెల్టుతో, చిన్న హెల్మెట్‌తో, 40 కిలోమీటర్ల లోపు వేగంతోనే తీసుకుపోవాలని 2022లో నిబంధన వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లవాడు బ్రేకు వేయగానే హ్యాండిల్‌కు గుద్దుకుంటాడు. చీర కట్టుకుని వెనక కూర్చునే ఆడవాళ్లు కొంగును నడుముకు దోపుకోవాలి, చున్నీని వెనక ముడి వేసుకోవాలి. వెనక చక్రంలో సగం కప్పేలా గార్డు, పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కుర్రాళ్లు అందం కోసం సారీ గార్డు ఊడదీసేస్తారు. ఇంట్లో చీర కట్టే మనిషి ఉంటే అది ఊడదీయనివ్వకండి, పోయినది తిరిగి పెట్టించండి.

ఇంత చేసినా ఒకరోజు పడవచ్చు. ఎవరైనా పడి ఉంటే ముందు వెనక వచ్చే బండ్లను ఆపించండి, 108కి ఫోన్ చేయండి. పడ్డ మనిషి మాట్లాడుతూ, ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ లాగేయకండి, మెడ విరిగి ఉండవచ్చు. వైజర్ తెరవండి, తలను కదలనివ్వకుండా పట్టుకోండి. ఊపిరి ఆడకపోతే, ఒకరు మెడను, గడ్డాన్ని పట్టి నిలిపి ఉంచగా ఇంకొకరు మెల్లగా తీయాలి. వాంతి, రక్తం అడ్డుపడుతుంటే తల, మెడ, వీపు ఒకే వరసలో ఉండేలా ఇద్దరు కలిసి పక్కకు తిప్పండి. నీళ్లు తాగించకండి. కేసులో ఇరుక్కుంటామని ఆగిపోవద్దు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లను కాపాడతాయి. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టడానికి వీల్లేదు.

పడ్డప్పుడు నేలకు గుద్దుకున్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు. లోపలి థర్మాకోల్ పొర ఒక్కసారి నలిగితే దెబ్బను పీల్చుకునే శక్తి పోతుంది. పైపెంకు మీద గీత కూడా లేకపోవచ్చు, లోపల మాత్రం చెడిపోయి ఉంటుంది. పారేసే ముందు పట్టీని కత్తెరతో కోసేయండి. లేకపోతే చెత్తలోంచి ఎవరో తీసి, తుడిచి, తమ్ముడికి పెట్టి పంపిస్తారు.